ప్రెసిడెంటు మొగుడు

మా ఇంటామె ఊరికి ప్రెసిడెంటుగా గెలిచిన మర్నాడు నేను మార్కాపురం పోయి మూడు తెల్లచొక్కాలు కొనుక్కున్నాను. ఆమెకు ఏమీ కొనలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

కాగితాల్లో సర్పంచ్ అని రాస్తారు గాని మా పక్క ఎవరూ ఆ మాట అనరు. ప్రెసిడెంటు అంటారు. మా ఊరు త్రిపురాంతకానికీ కురిచేడుకీ మధ్యలో ఉంటుంది. ఊరికి తూర్పున మా కాలనీ, కాలనీ మొదట్లోనే చర్చి. మా తాత, మా నాయన పెద్దరైతుల చేలల్లో కూలి చేసి బతికినోళ్లు. నేను ఇంటర్ తప్పి బేల్దారి పనిలో పడినాను. గోడ కట్టడం, పూత పూయడం, నేల వెయ్యడం, ఏదైనా చేస్తాను. ఆమె నా మేనమామ కూతురు. మార్కాపురంలో హాస్టల్లో ఉండి పదో తరగతి పాసయింది. పెండ్లయినాక మిరపకాయలు కోసింది, పత్తి తీసింది. ఉపాధి పనులు వచ్చినాక ఒక గుంపుకు మేటుగా చేసింది. పనికి ఎవరొచ్చినారు, ఎవరు రాలేదు రాసుకోవడం, తవ్విన గుంతలు టేపుతో కొలవడం ఆ పని. అంతకుమించి ఊరికి ఆమె సంగతి పెద్దగా తెలీదు. దారిలో నలుగురు మగాళ్లు నిలబడి ఉంటే పక్క సందులోంచి తిరిగిపోయే మనిషి.

ఆ ఏడు మా ఊరి సీటు రిజర్వేషన్‌లో మా వాళ్లలో ఆడోళ్లకు వచ్చింది. ఊళ్లో అందరికంటే పెద్ద రైతు, మేం పెదనాయనా అని పిలిచే ఆయన, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొని మా వాకిట్లోకి వచ్చినాడు. ఆయన మా కాలనీలోకి రావడం నేను పుట్టి పెరిగినాక అదే మొదలు. మంచం వేస్తే కూర్చున్నాడు.

"మీ ఆడమనిషి చదువుకుంది, నెమ్మదస్తురాలు. నిలబెడదాం" అన్నాడు నాతో. "సంతకాలు ఆమె పెడుతుంది. మిగతాదంతా నువ్వు చూసుకో. నీకు తెలీకపోతే మేం లేమా?"

ఆమె తలుపు వెనకాల నిలబడి వింటానే ఉంది. వాళ్లు పోయినాక నేను లోపలికి పోయి, "నిలబడతావా?" అని అడిగినాను.

"వాళ్లు నన్ను అడిగినారా?"

"నేను అడుగుతున్నా కదా."

కాసేపు బియ్యంలో రాళ్లు ఏరుకుంటా కూర్చుంది. "గుంపును చూసుకున్నా కదా బావా. ఊరు దానికంటే కొంచెం పెద్దది, అంతే కదా" అనింది.

మాకు కత్తెర గుర్తు వచ్చింది. ఆమె కొంగు తలమీద వేసుకొని ఇంటింటికీ పోయి దండం పెట్టింది. మాట్లాడేదంతా నేనే మాట్లాడినాను. గెలిచింది. కాలనీలో డప్పులు కొట్టినారు, దండలు వేసినారు. ఆమెకు ఒక దండ పడితే నాకు నాలుగు పడినాయి.

ఆ మర్నాడే చొక్కాలు.

నాకు తలకెక్కింది పదవి కాదు. పదవైతే నాది కానే కాదు కదా. నాకు తలకెక్కింది మర్యాద. పెదనాయన ఇంటి ముందర నాపరాళ్ల అరుగు ఉంది. మా నాయన బతికినన్నాళ్లూ ఆ అరుగు కింద, చెప్పులు పక్కన విడిచి, చేతులు కట్టుకొని నిలబడి మాట్లాడినాడు. చిన్నప్పుడు నేనూ ఆయన పక్కన నిలబడినాను. మేం గెలిచిన వారానికి అదే అరుగు మీద నాకు కుర్చీ వేయించినాడు పెదనాయన. "కూర్చో ప్రెసిడెంటూ" అన్నాడు. అప్పటిదాకా ఆ నోటెంట నాకు "ఒరే" తప్ప ఇంకో మాట రాలేదు. పింగాణీ కప్పులో టీ ఇచ్చినారు. ఇంటికొచ్చి ఆ కప్పు మీది పూలతో సహా మా ఇంటామెకు చెప్పినాను. వింటా వింటా ఆమె కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆ నీళ్లు నా కోసమే. ఆమెను అరుగు మీదికి ఎవరూ పిలవలేదని ఆమెకు గాని నాకు గాని గుర్తు రాలేదు.

అక్కణ్నుంచి నేను మారడం మొదలుపెట్టినాను. తాపీ అటక మీద పెట్టేసినాను. బండి ముందర సర్పంచ్ అని స్టిక్కరు అంటించినాను. రెండో ఫోను కొన్నాను. ఆమె ముద్ర, ఊరి పేరుండే రబ్బరు ముద్ర, నా జేబులో పెట్టుకొని తిరిగినాను. పంచాయతీ ఆఫీసులో ప్రెసిడెంటు కుర్చీలో కూర్చునేది నేను. సెక్రటరీ కాగితాలు నా ముందర పెడితే నేను చదివి, ఇంటికి తీసుకొచ్చి, "ఇక్కడ పెట్టు" అని వేలు చూపిస్తే ఆమె సంతకం పెట్టేది. మొదట్లో చదివే పెట్టేది. నేను విసుక్కుంటే చదవడం మానేసింది.

ఒకరోజు పొద్దున్నే టిఫిను బాక్సు కట్టుకొని మిరపకోతకు బయలుదేరింది.

"ప్రెసిడెంటు కూలికి పోతే మన పరువేం గాను?" అన్నాను.

"కాయలకు తెలుసా బావా నేను ప్రెసిడెంటునని?" అనింది. నవ్వుతానే అనింది. పోయింది కూడా. ఆ రోజంతా నేను ఆ చేను పక్క దారిలో పోకుండా చుట్టూ తిరిగి పోయినాను.

నాకంటే పెద్దోడు ఒకాయన, వరసకు ఏమీ కాకపోయినా అన్నా అని పిలిచేవాణ్ని, నాతో పదేండ్లు జోడుగా పనిచేసినాడు. దోర్నాలలో ఒక హోటలు మేడకు పూత పూస్తుంటే నా కాలికింద పరంజా కర్ర జారింది. ఆయన నా చొక్కా పట్టుకొని లాగకపోతే ఈ రాత లేదు. వానకు ఆయన ఇంటి గోడ పడిపోయింది. కొత్త ఇంటికి అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద ప్రెసిడెంటు సంతకం, ముద్ర కావాల. ఆఫీసుకొచ్చినాడు. నేను ఎవరితోనో ఫోనులో ఉన్నాను. సాయంత్రం రమ్మని చెయ్యి ఊపినాను. సాయంత్రం వచ్చినాడు. రేపు చూద్దాం అన్నాను. ముద్ర నా జేబులోనే ఉంది, చొక్కా గుడ్డలోంచి ఎర్రగా కనపడుతోంది కూడా. మర్నాడు వచ్చి గడప బయటే నిలబడి, "సార్, ఆ అర్జీ..." అన్నాడు.

ఆ సార్ అనే మాటకు నాకు సిగ్గు కలిగింది అని రాస్తే బాగుంటుంది. కాని అబద్ధం అవుతుంది. ఆ మాట నాకు బాగుండింది. అప్పుడే ముద్ర వేసిచ్చినాను.

ఇట్ల ఏడాది పైన నడిచింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. అనకపోవడం చేతగానితనం అనుకున్నాను నేను.

మా ఊరి బోర్ల నీళ్లు తాగితే పిల్లలకు పండ్లు పచ్చబడతాయి, పెద్దోళ్లకు మోకాళ్లు వంగవు. మా అమ్మ చివరి రోజుల్లో చర్చిలో మోకరించలేక నిలబడే ప్రార్థన చేసింది. అందుకని ఎండాకాలం ట్యాంకరుతో మంచినీళ్లు తోలతారు. ట్రాక్టరుకు కట్టిన ట్యాంకరు పొద్దున ఊళ్లోకి, పన్నెండు గంటలకు కాలనీలోకి వస్తుంది. కాలనీలో ఆడోళ్లు పదకొండుకే బిందెలు వరసగా పెట్టి నీడకు పోతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క.

ఆ ఎండల్లో పెదనాయన మనవరాలికి ఓణీల ఫంక్షన్ పెట్టినారు. ముందురోజు నాకు ఫోను చేసినాడు. "ఏం ప్రెసిడెంటూ, రేపు చుట్టాలు బాగా వస్తారు. మధ్యాన్నం ట్యాంకరు ఇటు పంపించు. కాలనీకి సాయంత్రం తోలుకోవచ్చులే."

నేను క్షణం కూడా ఆలోచించలేదు. డ్రైవరుకు చెప్పేసినాను. మర్నాడు తెల్లచొక్కా వేసుకొని ఫంక్షన్‌కు పోయినాను. షామియానా కింద పెద్దోళ్ల వరసలో నాకు కుర్చీ వేసినారు. ట్యాంకరు షామియానా వెనకాల నిలబడి ఉంది. వంటోళ్లు దాంట్లోంచి నీళ్లు పట్టి గుండిగలు కడుగుతున్నారు.

ఒంటిగంటప్పుడు ఆమె వచ్చింది. చేలోంచి అట్లనే వచ్చింది. చీరమీద పాత చొక్కా, తలకు తువ్వాలు, చేతులకు మిరపకాయల ఎరుపు. తర్వాత తెలిసింది, పనినుంచి వస్తా కాలనీలో బిందెల వరస చూసిందంట. ఎందుకింకా రాలేదని అడిగితే ఒక ముసలామె, "మీ ఆయన్నే అడగమ్మా, ఆయన పంపిస్తేనే కదా వచ్చేది" అనిందంట. అక్కణ్నుంచి నేరుగా నడుచుకుంటా వచ్చింది.

చుట్టాలు చూస్తున్నారు. నేను లేచి ఎదురు పోబోయినాను. ఆమె నా పక్క చూడలేదు. పెదనాయన దగ్గరికి పోయి నిలబడింది. కొంగు సర్దుకోలేదు, తల వంచుకోలేదు.

"పెదనాయనా, బిడ్డ చల్లగా ఉండాల. ట్యాంకరు తీసుకుపోతున్నా. కాలనీలో పదకొండు నుంచి బిందెలు పెట్టుకొని ఉన్నారు."

"ఏందమ్మా ఇది! మీ ఆయనే కదా పంపించింది?"

"ఆయన ప్రెసిడెంటు కాదు పెదనాయనా. నేను."

మైకులో పాట వస్తానే ఉంది.

"వంటకు పట్టుకున్న నీళ్లు ఉండనీయండి, అవి తీసుకోను" అని, డ్రైవరు దగ్గరికి పోయి "పా అబ్బయ్యా" అనింది. వాడు నా ముఖం చూసినాడు. నేను ఎటు చూసినానో నాకే తెలీదు. ఆమె ట్రాక్టరు ఎక్కి మడ్గార్డు మీద కూర్చుంది. ట్యాంకరు కదిలిపోయింది.

పెదనాయన నా పక్క తిరిగి, "ఏమప్పా, ఇంట్లో ఆడమనిషిని అదుపులో పెట్టుకోలేవా?" అన్నాడు.

ప్రెసిడెంటు ఆమే కదా అని నేను అని ఉండాల్సింది. అనలేదు. "ఇంటికి పోయినాక చెప్తాలే పెదనాయనా" అన్నాను. నా బతుకులో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనుకునేది ఏదన్నా ఉంటే అదే.

ఇంటికి పోయేసరికి ఆమె వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. నేను అరిచినాను. నలుగురిలో నన్ను చులకన చేసినావు, ఇన్నాళ్లు సంపాదించుకున్న మర్యాదంతా మట్టిలో కలిపినావు, ఇట్ల ఏదేదో అన్నాను. ఆమె చెంబు కింద పెట్టింది. మెట్టు మీద కూర్చుంది.

"అయిపోయిందా?" అనింది.

నేను ఊపిరి తీసుకున్నాను.

"మామ ఆ అరుగు కింద నిలబడటం నేనూ చూసినా బావా. నా చిన్నప్పుడు మీ ఇంటికొచ్చినప్పుడల్లా చూసినా. నీకు అక్కడ కుర్చీ వేసినారంటే నాకు కడుపు నిండింది. అందుకే ముద్ర నువ్వు పెట్టుకున్నా ఊరుకున్నా. నా కుర్చీలో నువ్వు కూర్చున్నా ఊరుకున్నా. నీకు దొరకని మర్యాద దొరుకుతోంది, దొరకనీ అనుకున్నా." తడికాళ్లు కొంగుతో తుడుచుకుంది. "కాని నువ్వు ఆ కుర్చీలో కూర్చొని మనోళ్లను నిలబెట్టినావు. అన్న నీ గడప బయట నిలబడి సార్ అన్నాడంట. వదిన నాకు చెప్పి ఏడ్చింది. మామను వాళ్లు నిలబెట్టినారు. అన్నను నువ్వు నిలబెట్టినావు. వాళ్లకూ నీకూ తేడా ఏంది?"

నా చెయ్యి దానంతటదే జేబులో ముద్ర మీదికి పోయింది.

ఆమె చెయ్యి చాపింది. "ముద్ర ఇటియ్యి."

జేబులోంచి తీసి ఇచ్చినాను. దాన్ని కొంగుకు ముడేసుకొని పొయ్యి అంటించేదానికి లోపలికి పోయింది.

నేను రెండు రోజులు గడప దాటలేదు. మూడోరోజు సోమవారం. పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకొని, "బావా, ఆఫీసు కాడ దింపుతావా, నడిచి పోనా?" అనింది. దింపినాను. లోపలికి పోలేదు. బండి దగ్గరే నిలబడినాను. కిటికీలోంచి కనపడుతోంది. కుర్చీ అంచున కూర్చుంది, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని. ఇంకాసేపట్లో ఎవరో వచ్చి లేపుతారన్నట్టు. ఒక రైతు లోపలికి పోయి అటూ ఇటూ చూసి, "మీ ఆయన ఏడమ్మా?" అన్నాడు.

"బయట బండి కాడ ఉన్నాడు. పనేందో నాతో చెప్పండి మామా" అనింది.

అతను చెప్పినాడు. ఆమె రాసుకుంది. రాసుకునేటప్పుడు కుర్చీలో వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది. నాకు ఆ జరగడం ఇప్పటికీ కండ్లకు కట్టినట్టు ఉంది. కోపం పోయిందని చెప్పలేను గాని, కోపం పక్కనే ఇంకోటేదో లేచింది. ఆమెను చూసి గర్వపడటం అదే మొదలు.

ఆ వారంలోనే నేను గిద్దలూరు పోయినాను. అన్న అక్కడ ఒక ఇంటి పనిలో ఉన్నాడని తెలిసింది. కురిచేడులో రైలెక్కి పోయి, వాళ్లనీ వీళ్లనీ అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాను. ఆయన పరంజా మీద ఉన్నాడు. నన్ను చూసి దిగలేదు.

"ఏం సార్, ఇంత దూరం వచ్చినారు?" అన్నాడు పైనుంచే.

"అట్ల అనొద్దన్నా" అన్నాను. "తప్పయింది. పని ఉంటే పెట్టుకో."

ఆయన గోడకు పూత వేస్తానే ఉన్నాడు. ఆ వరస పూర్తిచేసి, చెయ్యి తుడుచుకొని, "తెల్లచొక్కా మీద సిమెంటు పడితే పోదు. విప్పి తగిలించి రా" అన్నాడు. అంతే. మధ్యాన్నం ఆయన సద్దిలోంచి సగం నాకు పెట్టినాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో పక్కపక్కన కూర్చున్నాం. తమ్ముడా అని పిలవడానికి ఇంకో నెల పట్టింది ఆయనకు. పట్టాల్సిందే.

ఇక ఆమె సంగతి.

మండలం మీటింగులకు అప్పటిదాకా నేను పోయేవాణ్ని. నాలాంటి ప్రెసిడెంటు మొగుళ్లం ముందు వరసలో కూర్చునేవాళ్లం. ఆమె పోయిన మొదటి మీటింగుకు నేను వరండాలోనే ఆగిపోయినాను. లోపలున్న మొగుళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. ఆమె చెయ్యెత్తింది. రెండుసార్లు ఎత్తితే గాని ఎవరూ చూడలేదు. లేచి నిలబడి, నీళ్లు తాగి మొదలుపెట్టింది.

మా కాలనీలో ఎప్పుడో కట్టిన నీళ్ల ట్యాంకు ఉంది. సాగర్ నీళ్లు పైపులో వచ్చి దాంట్లో పడాల. పడవు. ఎందుకు పడవని అడిగింది.

"మీ ఊరి ట్యాంకు రోజూ నిండుతున్నట్టే ఉందమ్మా కాగితాల్లో" అన్నాడు ఇంజనీరు.

"ఒకసారి వచ్చి ఎక్కి చూడండి సార్. మీతోపాటు నేనూ ఎక్కుతా."

ఆ మీటింగులో నవ్వినారు. తర్వాతి మీటింగులో మళ్లీ అదే మాట అనింది. మూడోసారి అనేసరికి ఆయన నవ్వలేదు. ఒక బుధవారం జీపులో వచ్చినాడు.

కాలనీ అంతా ట్యాంకు కింద చేరింది. ఇనప నిచ్చెన సన్నగా, నిటారుగా ఉంటుంది. ఇంజనీరు పైకి చూసి, "ఇప్పుడు ఎక్కాలా?" అన్నాడు. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకొని ఎక్కడం మొదలుపెట్టింది. మెట్టు మెట్టుకూ నేను కింద నిచ్చెన పట్టుకొని ఉన్నాను, పట్టుకుంటే ఏం ఆగుతుందని! పైకి పోయి మూల విరిగిన మూత లాగింది. లోపల్నుంచి పావురాలు ఒక్కసారిగా లేచిపోయినాయి. ఎన్నేండ్ల నుంచి గూళ్లు పెట్టుకున్నాయో. వెనకాలే ఎక్కిన ఇంజనీరు లోపలికి తొంగిచూసి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కిందికి దిగినాక, "తప్పేనమ్మా. పైపు సంగతి చూయిస్తాను" అన్నాడు. మంచోడే. అంతకుముందు ఆయన్ను ఎవరూ ఎక్కమనలేదు, అంతే.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పైపు పగిలి మట్టిలో పూడిపోయిందని తేలింది. దాన్ని తవ్వి, కొత్త పైపు వేసి, నీళ్లు పారించేసరికి ఇంకో ఎండాకాలం దగ్గరపడింది. ఆ మధ్యలో ఆమె ఎన్నిసార్లు మార్కాపురం ఆఫీసులకు తిరిగిందో నాకు తెలుసు, బండి తోలింది నేనే కదా.

కుళాయిల దగ్గర గచ్చులు కట్టే పని నాకూ అన్నకూ వచ్చింది. మొగుడికి ఇచ్చుకుందని ఎవరూ అనకుండా గ్రామసభలో అందరి ముందర అడిగి ఇచ్చింది. మూడో గచ్చు కట్టినాక చూసేదానికి వచ్చింది. చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు ఒక మూలకు పోయి నిలబడిపోయినాయి.

"వాలు లేదు" అనింది. "దోమలు పెరుగుతాయి. పగలగొట్టి మళ్లీ వెయ్యి."

"రెండ్రోజుల పని అది!"

"రెండ్రోజులు వెయ్యి."

అన్న పక్కకు తిరిగి నవ్వుతున్నాడు. నేను సుత్తి తీసుకొని పగలగొట్టినాను. లోపల మండుతానే ఉంది గాని, నిజం చెప్పొద్దూ, వాలు లేని మాట నాకూ తెలుసు. చూడకుండా పోతుందనుకున్నాను.

నీళ్లు వచ్చిన రోజు గురించి నేను పెద్దగా రాయలేను. మొదట ఎర్రగా బురదనీళ్లు వచ్చినాయి, తర్వాత గాలి వచ్చింది, తర్వాత నీళ్లు. మొదటి బిందె ఎవరు పట్టాలని అందరూ ఆమెను చూసినారు. చూసేదానికి మా ఇంటికొచ్చిన వాళ్లమ్మ అప్పటికే బిందె పెట్టేసి ఉంది. "లైన్లో రా అమ్మా" అనింది ఆమె. మా అత్త వారం రోజులు కూతురితో మాట్లాడలేదు.

పదవి ఆమెను మార్చలేదని నేను అనను. మార్చింది. మునుపటి నెమ్మది లేదు. మాట గట్టిపడింది. ఒకసారి అంగన్‌వాడీ టీచరు ఆలస్యంగా వచ్చిందని పిల్లల తల్లుల ముందరే కేకలేసింది. ఆ పిల్ల ఏడ్చుకుంటా పోయింది. సాయంత్రం అన్నం తింటా ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "బావా, ఈ రోజు నేను పెదనాయన మాదిరి మాట్లాడినా కదా" అనింది. మర్నాడు అదే తల్లుల ముందర ఆ టీచరు చెయ్యి పట్టుకొని తప్పయిందమ్మా అనింది. తప్పు నలుగురిలో చేసినప్పుడు సర్దుకోవడం కూడా నలుగురిలోనే అంట. నేనైతే గిద్దలూరు దాకా పోయి, ఎవరూ లేనిచోట చెప్పుకున్నాను. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది.

పెదనాయనతో మా సంగతి ఏమైందని అడిగేవాళ్లున్నారు. ఏడాదిదాకా ఆయన మా పక్క చూడలేదు. తర్వాత వాళ్ల వీధి కాలవ పూడుకుపోతే ఆఫీసుకు వచ్చినాడు. ఆమె లేచి, "రాండి పెదనాయనా, కూర్చోండి" అని కుర్చీ వేసింది. ఆ వారంలోనే కాలవ తీయించింది. ఆయన్ను ఒక్కపూట కూడా తిప్పలేదు. నేనైతే తిప్పి ఉండేవాణ్ని.

మొన్న మార్కాపురంలో ఆడ ప్రెసిడెంట్లకు మీటింగు పెట్టినారు. మా ఊరు ఏం చేసిందో చెప్పమని ఈమెను స్టేజీ మీదికి పిలిచినారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఏ కాగితమూ చూడకుండా మాట్లాడింది. నీళ్ల సంగతి చెప్పింది, పావురాల సంగతి చెప్పింది. "మీ ముద్ర మీ దగ్గరే పెట్టుకోండి. మొగుళ్లు మంచోళ్లే గాని వాళ్ల జేబులు మంచివి కాదు" అనింది. హాలంతా నవ్వినారు. నేను అందరికంటే గట్టిగా నవ్వినాను. పక్కనాయన నా పక్క తిరిగి, "ఎవరండీ ఆమె? బాగా మాట్లాడుతోంది" అన్నాడు.

"మా ఇంటామె" అన్నాను. ఆ రెండు మాటలు అనేటప్పుడు నాకు ఛాతీ ఎంత నిండిందంటే, అరుగు మీద కుర్చీ వేసిన రోజు కూడా అంత నిండలేదు. ఆ రోజుదాంట్లో భయం కలిసి ఉండింది, ఎప్పుడు లేపేస్తారో అని. దీంట్లో ఏ భయమూ లేదు.

మీటింగు అయినాక బస్టాండు దగ్గర దోశలు తిన్నాం. ఎట్ల మాట్లాడినా అని అడిగింది. జేబుల మాట తప్ప అంతా బాగుందన్నాను. "ఆ మాటకే కదా చప్పట్లు కొట్టింది" అని నా ప్లేటులో చట్నీ తీసుకుంది. కాలనీలో చివరి వీధికి ఇంకా నీళ్లు సరిగా ఎక్కడం లేదు. దానికోసం గురువారం మళ్లీ ఇంజనీరు దగ్గరికి పోవాలంది.